కళ్ళు పరీక్షించేవారికీ ఒక పరీక్ష

పోగు కనబడకపోతే ధర్మవరం పట్టు నేతగానికి పూట గడవదు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలలో నన్ను తరచు అడిగే ప్రశ్న: "త్రిఫలతో చత్వారం పోతుందా?" పోదు. నలభై ఏళ్ళ ప్రాంతంలో కంటి కటకం మెత్తదనం తగ్గి, దగ్గరి చూపు ఆనకపోవడమే చత్వారం. తగిన అద్దాలే దానికి మార్గం.

మరి ఆ అద్దాల కొలత ఎవరు చూడాలి? ఆప్టోమెట్రీ నాలుగేళ్ళ డిగ్రీ. చివరి ఏడాది ప్రత్యక్ష శిక్షణ. ఆ పట్టభద్రులు చూపు కొలవడమే కాక, తరచు నొప్పి లేకుండానే చూపును హరించే నీటికాసుల జాడ పసిగట్టి నేత్రవైద్యుని వద్దకు పంపగలరు. అద్దాలు అమ్మే ప్రతివారికీ ఈ విద్య ఉండదు.

చిరకాలం మన దేశంలో ఈ వృత్తికి చట్టబద్ధమైన లైసెన్సు పరీక్ష లేదు. దేశమంతటికీ ఒకే తుది పరీక్షకు, వృత్తిదారుల పేర్ల నమోదుకు 2021 నాటి కేంద్ర చట్టం అవకాశం కల్పించింది. విద్యార్థులకు ఇది బెరుకు కలిగించవచ్చు. రోగులకు మాత్రం రక్ష. ఈ చదువులో పిల్లలను చేర్చే తల్లిదండ్రులు కళాశాల ఉత్తీర్ణతా శాతం ఒక్కటే చూడరాదు. శిక్షణలో ఎందరి కళ్ళు పరీక్షించే అవకాశం ఉంటుందో కూడా విచారించాలి.

పాఠకులకు నా మనవి: కళ్ళు చూపించుకునేటప్పుడు, చూసేవారి అర్హత అడగడానికి మొహమాటపడకండి.