పగ్గాలున్న ప్రసంగం

1977 జులై 25న పార్లమెంటు సెంట్రల్ హాల్లో నీలం సంజీవరెడ్డి రాష్ట్రపతిగా ప్రమాణం చేశారు. 1969లో వి.వి.గిరి చేతిలో ఓడిన మనిషి ఈసారి ఏకగ్రీవం.

ఇలాంటి వేళ చేసే ప్రసంగాల మాటొస్తే, మా వాడపల్లిలో, మూసీ కృష్ణలో కలిసే చోట, అమెరికా అధ్యక్షుల తొలి ప్రసంగాలను మెచ్చుకునేవాళ్లతో నాకెప్పుడూ పేచీయే. అమెరికాలో మాట్లాడేవాడే పాలిస్తాడు, హామీలివ్వగలడు. మన రాష్ట్రపతి మంత్రిమండలి సలహా దాటలేరు. ఫలానాది చేస్తానని ఎలా అంటారు? అందుకే ఆయన బలమంతా రాజ్యాంగంలోని 60వ అధికరణం ప్రమాణంలోనే ఉంటుంది: రాజ్యాంగాన్ని కాపాడతాను, ప్రజల సేవకు అంకితమవుతాను. 1977లో ఆ మాట బరువే వేరు. 1975 జూన్‌లో ఎమర్జెన్సీ వచ్చింది రాష్ట్రపతి సంతకంతోనే కదా! దాన్ని ఎత్తేసి అప్పటికి నాలుగు నెలలే. వినేవాళ్లకు అలంకారాలు అక్కర్లేదు, పూచీ కావాలి.