వర్ణనాత్మక వ్యాసం

వర్ణనాత్మక వ్యాసం అనగా ఒక స్థలాన్ని గాని, వస్తువును గాని, వ్యక్తిని గాని, దృశ్యాన్ని గాని చదువరి కన్నులకు కట్టినట్లు వ్రాసే వ్యాసం. జరిగినదానిని చెప్పేది కథనాత్మక వ్యాసం, ఏది యుక్తమో వాదించేది చర్చాత్మక వ్యాసం కాగా, ఉన్నది ఎట్లున్నదో చూపడం దీని పని. పాఠశాలల్లో దీనిని తరచుగా కంఠస్థం చేయించడం వలన, చూచి వ్రాయవలసిన వ్యాసం చూడకుండానే వ్రాసేదిగా మారుతున్నది.

సాహిత్యంలో వర్ణన

తెలుగు ప్రబంధాలలో అష్టాదశ వర్ణనలు ప్రసిద్ధం. నగరం, సముద్రం, పర్వతం, ఋతువులు, సూర్యోదయం, చంద్రోదయం మొదలైనవి ఇందులో చేరుతాయి. మహాకవుల చేతిలో ఇవి శోభించాయి; అనుకరించినవారి చేతిలో ఏ పురమైనా ఒక్కటే పురమైనది. దీనికి విరుగుడు కూడా అలంకారశాస్త్రంలోనే ఉన్నది. వస్తువును సహజ స్వభావంతో ఉన్నదున్నట్లు వర్ణించడం స్వభావోక్తి. దండి కావ్యాదర్శంలో అర్థాలంకారాలను వివరిస్తూ మొట్టమొదట దీనినే చెప్పాడు.

వచనంలో ఇటువంటి చూపునకు ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర మంచి ఉదాహరణ. 1830లో చెన్నపట్నం నుండి బయలుదేరి 1831లో తిరిగి వచ్చిన ఆయన, దారి ఎట్లున్నదో, మజిలీలో నీరు, వసతి, సరుకులు ఏపాటివో వ్రాసిపెట్టుకున్నాడు. 1838లో అచ్చయిన ఈ గ్రంథంలోని ఒక మజిలీని తరగతిలో చదివి వినిపించడం ఉపయోగకరం.

బోధనా పద్ధతి

విషయం చిన్నదిగా ఉండాలి. "మా ఊరు" కంటె "సాయంకాలం మా చెరువుగట్టు" మేలు. ఉదాహరణకు చింతచెట్టును తీసుకోవచ్చును. వ్రాయమనగానే ఎక్కువమంది "చింతచెట్టు మనకు ఎంతో ఉపయోగకరమైనది" అని మొదలుపెడతారు. అది ప్రయోజనమే గాని వర్ణన కాదు. కాగితం ఇవ్వకుండా పిల్లలను చెట్టు క్రిందికి పంపాలి. నెఱ్ఱెలు విచ్చిన బెరడు, ఎఱ్ఱని చారలున్న లేతపసుపు పూలు, గింజ ఉన్నచోట ఉబ్బిన కాయ వారి కంటబడతాయి. ప్రొద్దు వాలిన తరువాత మరల చూడమంటే ఆకులు ముడుచుకొని ఉండడం గమనిస్తారు. గైడు పుస్తకంలో ఇది దొరకదు.

"అందమైన", "మనోహరమైన" అనే విశేషణాలను మొదటి ప్రతిలో నిషేధించవచ్చును. ఏది చూచి అందమనిపించినదో చెప్పవలసి వస్తుంది.

పదాల విషయంలో దోషం తరచు ఉపాధ్యాయులదే. పలుపు, చిక్కం, గుంటక, మోకు వంటి మాటలు రైతు బిడ్డకు పుట్టుకతో వచ్చినవి. వాటిని గ్రామ్యమని కొట్టివేసి "త్రాడు", "పనిముట్టు" అని దిద్దితే వస్తువే కనుమరుగవుతుంది. పలుపు పశువు మెడకు కట్టేది, మోకు లావుపాటిది. రెండూ త్రాళ్ళే అయినా ఒకటి కావు. అట్లు దిద్దించుకున్న పిల్లవాడు తన ఇంటి మాట వ్యాసానికి పనికిరాదనుకొని, ఎన్నడూ చూడని సెలయేళ్ళను గురించి వ్రాయడం మొదలుపెడతాడు. అక్షరదోషాలను తరువాత దిద్దవచ్చును.

వివరాలకు ఒక వరుస కావాలి: దూరం నుండి దగ్గరకు, లేదా ఉదయం నుండి రాత్రికి. ఏదైనా సరే, మధ్యలో మారకూడదు.

పరీక్షించే విధానం

వ్యాసాన్ని ఆ వస్తువును చూడని మరొక విద్యార్థికి చదివి వినిపించి, బొమ్మ గీయమనాలి. అతని పెన్సిలు ఎక్కడ ఆగిపోతే అక్కడ మరొక వాక్యం కావలసి ఉన్నదన్నమాట.