ఇనాక్యులేషన్ అంటే అంటు కట్టడమే

మధురానగర్ చుట్టుపక్కల నుండి పిల్లలను టీకాలకు తీసుకువచ్చే తల్లులు కొందరు భయంగా అడుగుతుంటారు: "సిస్టర్, బాగున్న బిడ్డకు జబ్బు ఎక్కిస్తారా?" ఈ భయం ఎక్కడి నుండి వచ్చిందో 'ఇనాక్యులేట్' (టీకా వేయడం) అనే ఇంగ్లీషు మాట పుట్టుక చూస్తే తెలుస్తుంది.

ఈ క్రియ లాటిన్ నుండి వచ్చింది. 'ఇన్' అంటే లోపల, 'ఆక్యులస్' అంటే కన్ను. టీకాకూ కంటికీ సంబంధం ఏమిటి? చెరకు గడ మీద మొలక వచ్చే చోటును మనమూ కన్ను అనే అంటాం కదా! రోమన్లు చెట్టు మొగ్గను అలాగే పిలిచారు. ఒక చెట్టు మొగ్గను మరో చెట్టు బెరడు చీల్చి లోపల నిలపడమే వారి 'ఇనాక్యులేర్'. మన బత్తాయి రైతులు కట్టే మొగ్గ అంటు ఇదే. ఇంగ్లీషులోనూ ఈ మాటను మొదట తోటపనికే వాడారు.

పూర్వం టర్కీలోనూ, మన బెంగాల్‌లోనూ మశూచి పొక్కు రసిని ఆరోగ్యవంతుల చర్మం గీరి లోపల పెట్టేవారు. 1714లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయిన డాక్టర్ టిమోనీ వ్యాసం ఈ పద్ధతిని 'ఇనాక్యులేషన్' అన్నది. అయితే అందులో ఎక్కించింది అసలు మశూచినే. చాలామందికి తేలికగా వచ్చి తగ్గినా, కొందరు చనిపోయేవారు. ఇతరులకూ అంటుకునేది. అంటే ఆనాటి తల్లులు భయపడటంలో న్యాయం ఉంది.

1796లో ఎడ్వర్డ్ జెన్నర్ మశూచికి బదులు తేలికపాటి గోమశూచి రసిని వాడారు. లాటిన్‌లో 'వాక్కా' అంటే ఆవు. 'వ్యాక్సిన్' మాట అందులో నుండి వచ్చింది. మన దేశంలో మొదట 1802 జూన్ 14న బొంబాయిలో మూడేళ్ల పాప అన్నా డస్ట్‌హాల్‌కు ఈ టీకా వేశారు. 1980 నాటికి మశూచి ప్రపంచంలోనే లేకుండా పోయింది.

నేటి టీకాలలో ఉండేది బాగా బలహీనపరచిన క్రిమి, లేదా చంపిన క్రిమి, లేదా దానిలోని ఒక భాగం మాత్రమే. ఆ క్రిమిని గుర్తుపట్టి ఎదుర్కోవడం శరీరం నేర్చుకుంటుంది.

తల్లులు గమనించవలసినవి:

- బి.సి.జి. వేసిన కొన్ని వారాలకు ఎడమ భుజంపై చిన్న పొక్కు లేచి, చితికి, మచ్చ పడుతుంది. పసుపు, నూనె, ఆయింట్‌మెంటు రాయకండి.
- 6, 10, 14 వారాల టీకాల తరువాత ఒకటి రెండు రోజులు జ్వరం రావచ్చు. అందుకని తరువాతి డోసు మానకండి.
- బిడ్డకు రోగనిరోధక శక్తి లోపం ఉంటే టీకాకు ముందే చెప్పండి.

నర్సింగ్ విద్యార్థినులకు ఒక మాట: ఇంగ్లీషులో ఇనాక్యులేట్ రాసేటప్పుడు 'ఎన్' ఒక్కటే. లోపల కన్ను ఉందని గుర్తుంచుకుంటే తప్పు పోదు.