ముసాషి కథకు హాస్యవేషము

వీరుల చరిత్రములు లోకమున రెండు విధములఁ బ్రచారము నొందును. వినువారి కాశ్చర్యమును భక్తియుఁ గలుగునట్లు చెప్పుట యొక విధము. ఆ కథకే విపరీతవేషము తొడిగి నవ్వించుట రెండవ విధము. మొదటిదానికి గ్రంథములయందు గౌరవము కలదు. రెండవదానిని పండితులు సామాన్యముగా నుపేక్షింతురు. కాని మూలకథ జనుల మనస్సులలో నెంత గాఢముగా నాటుకొన్నదో తెలిసికొనుటకు రెండవదియే మేలైన సాధనము. ఎఱుఁగని దానిని వక్రించి చూపి నవ్వించుట యెవ్వరికిని శక్యము కాదు గదా. జపానుదేశపు ఖడ్గవీరుఁడైన మియమొతొ ముసాషి చరిత్రమున కిట్టి హాస్యరూపము 1998లో వెలువడిన యొక వీడియో గేమునందుఁ గానవచ్చును. దాని కథాసంప్రదాయములను బరిశీలించినచో, హాస్యానుకరణము మూలకథకుఁ జేయు నపకార మేదో, యుపకార మేదో తేటపడఁగలదు.

ఈ క్రీడకు జపానులో "బ్రేవ్ ఫెన్సర్ ముసాషిదెన్" అని పేరు. "దెన్" అనఁగాఁ జరిత్రము. అమెరికాలో నీ తుదిపదమును విడిచి "బ్రేవ్ ఫెన్సర్ ముసాషి" యనిరి. స్క్వేర్ అను జపాను సంస్థ దీనిని ప్లేస్టేషన్ యంత్రమునకై నిర్మించెను. జపానులో 1998 జూలైలోను, అమెరికాలో నా యేఁటి నవంబరులోను వెలువడెను. ఇది యాక్షన్ రోల్ ప్లేయింగ్ అను జాతికిఁ జెందినది. ఆ జాతి లక్షణము లివి: ఆడువాఁడు కథానాయకుని పాత్రను ధరించును, యుద్ధము వాని చేతినేర్పునే యాశ్రయించి యుండును, అనుభవము పెరిగినకొలఁది నాయకుని బలము వృద్ధి పొందును, యుద్ధముల నడుమ గ్రామమునఁ దిరిగి, జనులతో మాటలాడి, కథను దెలిసికొనవలెను. నాటకమున నటుఁడు వేఱు, ప్రేక్షకుఁడు వేఱు. ఇందు నిరువురు నొక్కఁడే. కావున నిందలి నవ్వు దూరమునుండి చూచి నవ్వెడు నవ్వు మాత్రమే కాదు. నవ్వులపాలగు నాయకుఁడు ఆడువాఁడే యగుచున్నాఁడు.

అనుకరణమును విచారించుటకు ముందు మూలము నెఱుఁగవలెను. చారిత్రకుఁడైన ముసాషి సుమారు 1584లో జన్మించి 1645లో మరణించెను. రెండు చేతుల రెండు ఖడ్గములు పట్టి పోరు "నితెన్ ఇచిర్యూ" సంప్రదాయమునకు మూలపురుషుఁడు. అవసానదశలోఁ గుమమొతొ సమీపమునఁ గల రేగన్‌దో గుహలో వసించి, 1643 మొదలు 1645 వఱకు "గోరిన్ నో షో" అను యుద్ధశాస్త్రగ్రంథమును రచించెను. పదుమూఁడవయేఁట మొదలు ఇరువదితొమ్మిదవయేఁటి వఱకు అఱువదికి మించిన పోరులు సల్పి యొక్కటియు నోడలేదని యందే చెప్పుకొనెను. వానిలోఁ బ్రసిద్ధమైనది సాసాకి కొజిరోతో నొక చిన్న ద్వీపమున 1612లో జరిగిన ద్వంద్వయుద్ధము. ముసాషి బుద్ధిపూర్వకముగా నాలస్యము చేసి వచ్చెననియు, పడవతెడ్డును జెక్కి కొయ్యకత్తి చేసికొనెననియు, దానితోనే ప్రతియోధుని గూల్చెననియు లోకులు చెప్పుదురు.

చిత్రమేమనఁగా, గోరిన్ నో షోలోఁ గొజిరో పేరే లేదు. ముసాషి దత్తపుత్రుఁడైన ఇయోరి 1654లోఁ గొకురలో నిలిపిన శిలాలేఖయందు నా ప్రతియోధునకు "గన్ర్యూ" అను పేరు మాత్రమే కలదు. వీరు లిరువు రేకకాలమునఁ గలిసికొనిరని యా లేఖ చెప్పును. ఆలస్యపుమాట యందు లేదు. తక్కిన వన్నెలను దరువాతి తరములవారే దిద్దిరి. 18వ శతాబ్దిలో నాటకశాలలును, పిదప చిన్నబల్లయెదుటఁ గూర్చుండి విసనకఱ్ఱతో బల్లను జఱచుచు వీరగాథలు వినిపించు "కోదన్" కథకులును, 1911లో నారంభమైన తచికావ బుంకో యను చిన్నపుస్తకముల మాలయు నీ పనికిఁ దోడ్పడినవి. 1935 మొదలు 1939 వఱకు యోషికావ ఎయిజి యొక దినపత్రికలో ముసాషి నవలను బ్రకటించెను. అందలి నాయిక ఓత్సు కల్పితపాత్ర. అయినను జపానులోఁ బెక్కురకు ముసాషి యనఁగా నా నవలలోని ముసాషియే. 1954-56 సంవత్సరములలో ఇనగాకి హిరోషి తీసిన మూఁడు చలనచిత్రములు నా నవలనే యనుసరించినవి. కావున హాస్యము చెఱచుటకు నిర్మలమైన మూలచరిత్ర మొకటి యెచ్చటనో భద్రముగా నున్నదని తలఁచుట పొరపాటు. హాస్యకారులు చేతఁ గొన్నది యప్పటికే పలుమాఱులు కథకుల చేతులలో నలిగిన వస్తువు.

క్రీడలోని కథ సంగ్రహముగా నిట్టిది. ఆల్యుకానీట్ అను చిన్నరాజ్యముపై థర్స్ట్‌క్వెంచర్ సామ్రాజ్యము దండెత్తును. రాజును రాణియు నింట లేరు. రాకుమారి ఫిలే ప్రాచీనమంత్రముతో లోకాంతరమునుండి వీరు నొకని రప్పించును. నూటయేఁబది యేండ్ల క్రిందట రాజ్యమును రక్షించిన ముసాషి పేరే గల వాఁడు వచ్చును. కాని వాఁడు పొట్టి బాలుఁడు, నోటిదురుసు గలవాఁడు. రాజ్యరక్షణమం దాసక్తి లేదు. తన లోకమునకు మరలిపోవుటయే వాని కోరిక. శత్రువులు రాకుమారి నపహరింతురు. అంతఃపురజనులు స్ఫటికములలో బంధింపఁబడుదురు. ముసాషి "ల్యూమినా" యను తేజఃఖడ్గమును సంపాదించి, యైదు పత్రములను గూర్చి, బందీలను విడిపింపవలెను. కొజిరో యను ప్రతియోధుఁడు నిందుఁ గలఁడు. ముసాషితో ద్వంద్వయుద్ధమే వాని పట్టుదల.

ఈ కథలో మూలపు గుఱుతు లొక్కటియుఁ దప్పలేదు. బాలుని చేతఁ గత్తులు రెండు. ఒకటి ల్యూమినా, రెండవది "ఫ్యూజన్". ఈ రెండవకత్తితో శత్రువు విద్యను గ్రహించి తనదిగాఁ జేసికొనవచ్చును. గోరిన్ నో షోలోని యొక భాగ మితరశాఖల యుద్ధరీతుల నెఱుఁగుటకే యేర్పడినదని తెలిసిన వాని కీ కత్తి వట్టి వింతగాఁ దోఁపదు. ఆ భాగమునకు వాయువని పేరు. జపానుభాషలో "ఫూ" యను మాటకు గాలి యనియు, రీతి యనియు రెండర్థములు కలవు. శ్లేష ముసాషికే కొత్త కాదన్నమాట.

పత్రము లైదును మఱియు స్పష్టములు. గోరిన్ నో షోలో భూమి, జలము, అగ్ని, వాయువు, శూన్యము అని యైదు భాగములు. ఒక్కొక్కటి "మకి", అనఁగాఁ జుట్టఁబడిన పత్రము. శాస్త్రగ్రంథములోని యధ్యాయములు క్రీడలో వెదకి తెచ్చుకొనవలసిన వస్తువు లైనవి. ఒక్కొక్కటి ఖడ్గమున కొక్కొక్క భూతశక్తిని జేర్చును. ఈ పంచకము మనకుఁ జిరపరిచితమే. పంచభూతములు బౌద్ధముతోఁ జీనామీఁదుగా జపాను చేరినవి. షింగోన్ బౌద్ధులు వానిని చతురస్రము, గోళము, త్రికోణము, అర్ధచంద్రము, మణి యను నాకృతులతో నొకదానిపై నొకటిగాఁ బేర్చిన స్తూపములుగా నిర్మించిరి. వాని పేరు "గోరిన్‌తో". ముసాషి గ్రంథనామ మీ పంచకమునే స్ఫురింపఁజేయును. కడపటిదగు "కూ" అను నక్షరమునకు శూన్యమనియు, ఆకాశమనియు రెండర్థములు. ముసాషి గ్రంథమున శూన్యార్థమే ప్రధానము. ఆ భాగ మత్యల్పమైనది. క్రీడ యాంగ్లరూపమున నది "స్కై", అనఁగా నాకాశ మైనది. మాట తప్పు కాదు. కాని వేదాంతము తొలఁగి, తలపై నుండు నీలిగగనము మిగిలినది.

ఇఁక నీ క్రీడలోని హాస్యమునకుఁ బ్రధానాధారము భోజనము. రాజ్యము పేరు "కడుపునిండఁ దినుము" అను నర్థమిచ్చు నాంగ్లవాక్యముయొక్క వికారము. జపానురూపమున నది యాకినికు, అనఁగాఁ గాల్చిన మాంసమును స్ఫురింపఁజేయును. రాకుమారి పేరు మాంసఖండమునకుఁ బేరు. శత్రువులందఱును బానీయములు. కావున నిది యాహారమునకును బానమునకును జరుగు సంగ్రామము. ఇది కేవలము బాలుర వినోదమునకై పుట్టిన కొత్త తలఁపని యనుకొనరాదు. మురొమాచి కాలమున "షోజిన్ గ్యోరుయి మొనొగతారి" యను కథ వెలసినది. అందు శాకములును మత్స్యములును సేనలు కూర్చుకొని పోరును. పులిసిన సోయాచిక్కుడు "నత్తో తరో" యను వీరుఁడై నిలుచును. మహావీరగాథయైన హేఇకె కథ కది హాస్యానుకరణము. 16వ శతాబ్దిలోని "షుహన్‌రోన్" చిత్రపటమున మద్యప్రియుఁ డొకఁడును, అన్నప్రియుఁ డొకఁడును దమతమ పక్షములఁ బొగడుకొనఁగా, మూఁడవవాఁడు మితమును బ్రశంసించును. వీరగాథలోని గంభీరసామగ్రిని వంటయింటికిఁ దెచ్చి నవ్వించుట జపానువారికిఁ దరతరముల విద్య. ఈ క్రీడ యెఱిఁగియో యెఱుఁగకయో యా దారినే నడచినది.

నవ్వు పుట్టించు మఱియొక సంప్రదాయము కాలగణనము. క్రీడలోఁ బగలు రాత్రి గడచుచుండును. వేళ యెంతయో తెలియుచుండును. గ్రామజనులు తమతమ వేళలకుఁ బనికిఁ బోయి మరలుదురు. అంగళ్లు మూసియున్న వేళ వీరుఁడైనను వెలుపల వేచి యుండవలసినదే. నిద్ర లేనిచో ముసాషి యలసి తూలును. ఐతిహ్యమున ముసాషి కాలమునకు స్వామి: ఆలస్యముననే శత్రువు నోర్మిని భగ్నము చేసినవాఁడు; గ్రంథమునందును దాళమును, అదనును బదేపదే బోధించినవాఁడు. అట్టివాని పేరు గల బాలుఁడు నిద్రకును దుకాణదారునకును లోఁబడుట మూల మెఱిఁగినవానికి రెండింతలు నవ్వు పుట్టించును. భరతుఁడు వికృతవేషాలంకారములను హాస్యవిభావములుగాఁ జెప్పెను. ఇందు వేషము మాత్రమే కాదు, వీరుని ప్రధానగుణమే తలక్రిందు చేయఁబడినది.

ఇట్టి హాస్యమును బరభాషకుఁ గొనిపోవునప్పుడు చిక్కులు కలిగినవి. జపాను మూలమునఁ బెక్కు శత్రునామములు మద్యములను బట్టి పెట్టినవి. క్రీడను బాలురు నాడుదురు గాన అమెరికా రూపమున వానిని దీసివేసి, మద్యము కాని నురుగుపానీయముల పేళ్లను నిలిపిరి. జింజరెల్, రూట్రిక్, బబుల్స్ మున్నగున విట్టివి. శత్రుపక్షనాయకుని పేరు ఫ్లాట్‌స్కీ. నురుగు చల్లాఱిన పానీయమును ఫ్లాట్ అందురు. అనువాదము నేర్పుగలదే. అయినను మద్యమునకును అన్నమునకును గల ప్రాచీనవివాద మందు సన్నగిల్లినది. అంతకంటెను బెద్దలోటు వేఱొకటి. జపాను బాలుఁడు కొజిరో పేరు విన్నంతనే ద్వీపమును, తెడ్డును, ఆలస్యమును దలఁచుకొనును. అమెరికాలోఁ బలువురు బాలు రీ క్రీడవలననే ముసాషి పేరు మొదట వినియుందురు. వారికిఁ బ్రతిబింబము ముందు వచ్చినది, బింబము పిదప. అనుకరణమని తెలియని యనుకరణమున శ్లేష యంతరించి కథ మాత్రము మిగులును.

ఆ కథ మాత్రమే నిలువఁగలదా యన్నదే యిట్టి రచనకు నిజమైన పరీక్ష. ఈ క్రీడ కందు జయము కలదనవచ్చును. స్ఫటికములనుండి విడివడిన వంటవాండ్రు, భటులు, గాయకులు మొదలగువా రొక్కరొక్కరుగాఁ గోటకు మరలి వచ్చుచుండ, శూన్యమైన కోట క్రమముగా జనపూర్ణ మగును. "నా కేల?" యన్న బాలుఁడు తన ప్రయోజన మెఱుఁగకయే గృహస్థుల కష్టసుఖములలోఁ జిక్కుకొనును. కడపటఁ బూర్వవీరుఁడు తమోమాంత్రికుని నా తేజఃఖడ్గముననే బంధించెనని తెలియును. తాను వెదకి తెచ్చిన వెలుఁగుననే చీకటి యున్నదని తెలిసినప్పుడు నవ్వు కొంతసే పాగును. ఈ ఘట్టమునకు మూలజ్ఞానముతోఁ బని లేదు. ఏ దేశపు బాలుఁడైనను దీనిని గ్రహింపఁగలఁడు.

ఇందువలన రెండు విషయములు తేలుచున్నవి. హాస్యానుకరణము మూలమును జెఱుపదు. మూల మింకను బ్రదికియున్నదని చాటును. మూలమును మఱచిన తరమున నట్టి రచన తన సొంతకాళ్లపై నిలువవలెను. నిలువనిచో వట్టి వికారమై పోవును. 2005లో స్క్వేర్ సంస్థయొక్క యుత్తరాధికారి ముసాషి పేరితో నింకొక క్రీడను వెలువరించెను. కొకుర శిలాలేఖనుండి యింతవఱకు మూఁడువందల యేఁబది యేండ్లు. ఆ వ్యవధిలో ముసాషి రాతిపై వీరుఁడై, రంగముపై ప్రతీకారియై, పత్రికలో సాధకుఁడై, క్రీడలో నల్లరిబాలుఁడైనాఁడు. పాఠశాలలలో వీరకథలు బోధించువారు శిష్యుల నవ్వును జూచి కోపింపక, వారు దేనిని దలఁచుకొని నవ్విరో యడుగుట మంచిది. ఆ ప్రశ్నకు వచ్చు నుత్తరమే మూలకథ వారియందున్నదో లేదో తెలుపును.