షావెల్ ముందు వరుస

సింగరేణి 2023-24లో 7 కోట్ల టన్నుల బొగ్గు తీసింది. అందులో సింహభాగం ఓపెన్‌కాస్ట్ గనులదే. అక్కడ ముందు కదలాల్సింది బొగ్గు కాదు, దాని మీదున్న మట్టీ రాయీ. గనుల్లో దాన్ని ఓబీ అంటారు. తవ్వేది షావెల్, మోసేది డంపర్. ఒక షావెల్‌కు ఎన్ని డంపర్లు కావాలి?

100 టన్నుల డంపర్ నిండడానికి 3 నిమిషాలు పడుతుందనుకుందాం. వెళ్లి, కుమ్మరించి, తిరిగి రావడానికి 15. మొత్తం 18. దాన్ని 3తో భాగిస్తే 6 డంపర్లు. గంటకు 20 ట్రిప్పులు, 2,000 టన్నులు. కాగితం మీద లెక్క తేలిపోయింది.

గనిలో మాత్రం ప్రతి ట్రిప్పూ సరిగ్గా 18 నిమిషాల్లో ముగియదు. పెద్ద బండ తగిలితే షావెల్ ఆపరేటర్ దాన్ని బకెట్‌తో పక్కకు నెట్టి మళ్లీ మొదలుపెట్టాలి. ఎత్తు మీద ఒక డంపర్ మెల్లగా ఎక్కుతుంటే వెనకున్నవన్నీ దాని నడకే నడవాలి. అందుకే ఒకసారి నాలుగు డంపర్లు కలిసి వచ్చి బారు తీరతాయి. ఇంకోసారి ఒక్కటీ ఉండదు, షావెల్ ఖాళీగా నిలబడుతుంది. సగటు లెక్కకు ఈ రెండూ కనిపించవు.

సిమ్యులేషన్‌కు కనిపిస్తాయి. ప్రతి లోడింగ్‌కూ, ప్రతి ప్రయాణానికీ కంప్యూటర్ చీటీ తీసినట్టు ఒక సమయం ఎంచి, వేల షిఫ్టులు నడిపిస్తుంది. 1961లో ఐబీఎంలో జెఫ్రీ గోర్డన్ తెచ్చిన జీపీఎస్ఎస్ భాష ఇలాంటి వరుసల కోసమే పుట్టింది. గని ఇంజినీర్లూ దాన్ని అందుకున్నారు.

మన ఉదాహరణ చిన్నది కాబట్టి క్యూ సూత్రమే సరిపోతుంది. రోడ్ల కూడళ్లు, బ్రేక్‌డౌన్లు, షిఫ్టు మార్పులు చేరితే మాత్రం సిమ్యులేషనే దిక్కు. సగటులు అవే ఉంచి, సమయాలు బాగా అటూ ఇటూ అవుతాయనుకుంటే 6 డంపర్లతో వచ్చేవి 16.2 ట్రిప్పులే. గంటకు 380 టన్నులు పోయినట్టే! ఏడో డంపర్‌తో 17.6, ఎనిమిదోదానితో 18.6. తొమ్మిదోది తెచ్చినా పెరిగేది ముప్పావు ట్రిప్పు లోపే. పైగా ఒక్కో డంపర్ ప్రతి ట్రిప్పులో 10 నిమిషాలు వరుసలోనే ఉంటుంది, ఇంజన్ ఆపకుండా, డీజిల్ కాలుస్తూ. తొమ్మిదోదాన్ని నేనైతే కొననివ్వను.

వానాకాలంలో రోడ్డు బురదై 15 నిమిషాలు 21 అయ్యాయనుకోండి. ఎండలో 6 డంపర్లు చేసిన పనికి అప్పుడు 8 కావాలి. అందుకే కొత్త డంపర్లకు ఆర్డరిచ్చే ముందు మోడల్‌లో ఇంకో ప్రశ్న వేయాలి: వానలకు ముందే గ్రేడర్ పెట్టి రోడ్డు సరిచేసి, ఆ 21ని 17కు దించితే ఎన్ని చాలు?