మొరమా... కంకరా?

పటాన్‌చెరులో లారీవాళ్లను 'గ్రావెల్ కావాలి' అని అడిగి చూడండి. 'మొరమా, కంకరా?' అని ఎదురు ప్రశ్న వేసినా ఆశ్చర్యపోనక్కర్లేదు!

కోస్తా జిల్లాల్లో గ్రావెల్ అంటే రోడ్లకూ పునాదులకూ పోసే గట్టి ఎర్రమట్టి. సంగారెడ్డి వైపు ఆ పనికి వాడేది మొరం. మరాఠీలో దీన్నే 'మురూమ్' అంటారు. గ్రానైటు రాయి ఎండకూ వానకూ చివికి పొడిబారితే మొరం అవుతుంది. పటాన్‌చెరు ఇక్రిశాట్ పొలాల్లోని ఎర్రనేలల అడుగునా ఈ పొరే ఉంటుంది.

కంకర సంగతి వేరు. క్రషర్లో పగలగొట్టిన రాయి అది. సంస్కృత 'కర్కర', హిందీ 'కంకర్' దాని చుట్టాలు. భూగర్భ శాస్త్రంలో మాత్రం కంకర్ అంటే నేలలో దొరికే సున్నపు గడ్డలు.

ఇక గ్రావెల్ పుట్టిల్లు పాత ఫ్రెంచి. రాళ్ల తీరాన్ని 'గ్రావ్' అనేవారు. మూత్రపిండాల్లో రాళ్లనూ ఇంగ్లిషులో ఒకప్పుడు గ్రావెల్ అనేవారు!

మన ఇంజినీర్ల లెక్కలో 4.75 నుంచి 80 మిల్లీమీటర్ల దాకా ఉన్న రాళ్లే గ్రావెల్. 1957 నాటి గనుల చట్టం దీన్ని చిన్నతరహా ఖనిజాల్లో చేర్చింది. అందుకే తవ్వాలంటే అనుమతి, సీనరేజి తప్పవు.

ఇల్లు కట్టేవాళ్లకు ఈ తేడా తెలియాలి. బేస్‌మెంట్ నింపడానికి మొరం భేష్. అదే శ్లాబు కాంక్రీటులో పడితే, అందులోని మట్టి సిమెంటు పట్టును చెడగొడుతుంది. అందుకే ఆర్డరిచ్చేటప్పుడు పేరుతోపాటు పనీ చెప్పాలి. కంకరైతే సైజు కూడా!