చైత్రపు టెండలో పెరటితోట

శివరాత్రితో చలి ‘శివశివా’ యని పోవునని మన పెద్దలు చెప్పుచుందురు. కాని కర్నూలు, కడప సీమలయందు చలి పోయిన చోట వసంతము వచ్చి కూర్చుండదు. ఎండయే వచ్చి కూర్చుండును. ఉగాది పచ్చడికి వేపపూత కోయునాటికే పెరటిలోని రాళ్లు కాళ్లకు చురుకుమనుచుండును. ఒకనాటి మధ్యాహ్నము వడగాలి, మరునాటి సాయంకాలము నల్లమబ్బు, దుమ్ము, పెనుగాలి, నాలుగు పెద్ద చినుకులు, ఒక్కొక్కప్పుడు వడగండ్లు. 2023వ సంవత్సరము మార్చి నెల నడుమ అకాలవర్షములు పడినవి. మరుసటి యేడు ఏప్రిలు చివరను, మే మొదటను నంద్యాల ప్రాంతమున ఎండ 45 డిగ్రీలు దాటినది. ఇట్టి నిలకడలేని ఋతువునందు పెరటితోట మొదలిడవచ్చునా యని సోదరీమణులు కొందరు మమ్ము అడుగుచున్నారు.

మొదలిడవచ్చును. అయితే దానికొక పద్ధతి కలదు. ఆ పద్ధతిని మేము గెలిచి నేర్చుకొనలేదు, ఓడి నేర్చుకొంటిమి.

మేము మొదటి యేడు చేసిన తప్పు

ఇంటి వెనుక కొంత నేల ఖాళీగా నున్నదను సంతోషముతో మేము మొదటి యేడు ఉగాది మరునాడే పది మళ్లు కట్టించి, కొన్న విత్తనములన్నియు ఒక్క ఉదయమున చల్లివేసితిమి. పొరుగింటి అవ్వ గోడమీదుగా చూచి, “ఏంది అమ్మణ్ణీ, ఇంత నేల తవ్వినావు! నీళ్లు యాడుండాయి?” అని అడిగెను. మేము నవ్వి ఊరకుంటిమి. రెండు వారములు మొలకలు ముచ్చటగా వచ్చినవి. మూడవ వారమున బావిలో నీరు దిగెను. పది మళ్లకు చాలవలసిన నీరు నాలుగు మళ్లకును చాలలేదు. ఏ మడిని ఎండబెట్టుటకును మనసొప్పక, అన్నిటికిని కొంచెము కొంచెముగా పోయుచు, అన్నిటిని కొంచెము కొంచెముగా చంపితిమి. మిగిలినవానిని ఒక రాత్రి వచ్చిన గాలివాన నేలకు కొట్టెను. తెల్లవారి చూడగా పందిరి గోడకవతల నుండెను.

అవ్వ మరల గోడయొద్దకు వచ్చినది గాని ఎత్తిపొడువలేదు. “తోట వేసేది నేల చూసి కాదమ్మా, బిందె చూసి” అని మాత్రము చెప్పి పోయెను. ఈ వ్యాసమున మేము చెప్పదలచినదంతయు ఆ మాటకు వ్యాఖ్యానమే.

బిందె లెక్క

మన సీమలకు ఏటికి కురియు వర్షము సుమారు 650 మొదలు 700 మిల్లీమీటర్లు. అందు మార్చి మొదలు మే వరకు పడునది ఇంచుమించు పదవ వంతు మాత్రమే. ఆ పదవ వంతైనను వరుసగా పడక, రెండు మూడు సాయంకాలములలో గాలితో ఉరుముతో పడిపోవును. కావున వేసవి వానను లెక్కలో చేర్చుకొనరాదు. వచ్చినచో లాభమని తలపవలెనే గాని, రాకున్నను తోట నిలుచునట్లు ఏర్పాటు చేసికొనవలెను.

ఈ దినములలో మన సీమయందు తడినేలనుండియు ఆకులనుండియు దినమునకు 6 మొదలు 8 మిల్లీమీటర్ల మందము నీరు ఆవిరియై పోవును. ఒక చదరపు మీటరు నేలపై ఒక మిల్లీమీటరు నీరనగా ఒక లీటరు. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పుగల మడి ఇంచుమించు 1.7 చదరపు మీటర్లుండును. అనగా దానికి దినమునకు 10 మొదలు 13 లీటర్ల నీరు కావలెను. సోదరీమణులారా, మనము చంకనెత్తు బిందెకు పట్టునది ఇంచుమించు ఇంతయే. మడికొక బిందె. ఇదియే లెక్క.

కావున విత్తనములు కొనుటకు ముందు మూడు దినములు ఒక పని చేయుడు. బియ్యము, పప్పు, కూరగాయలు కడిగిన నీటిని పారబోయక ఒక తొట్టిలో పోయించి, సాయంకాలము ఎన్ని బిందెలైనవో కొలువుడు. రెండైనచో రెండు మళ్లే మీ తోట. బావినుండి మరియొక బిందె తోడగల ఓపిక ఇంటిలో నిత్యము ఉన్నచో మూడవ మడి. అంతకు మించి ఒక్క జానెడైనను తవ్వవలదు. కర్నూలు–కడప కాలువ ఆయకట్టు గ్రామములవారు కాలువ పారుచున్న దినములలోని బావిమట్టమును చూచి మోసపోరాదు. కాలువ కట్టివేసిన పిమ్మట వైశాఖమున అదే బావికి తాడు చాలకుండుట కలదు.

స్నానపు నీరును, బట్టలుదికిన సబ్బునీరును ఆకుకూరల మళ్లకు పోయరాదు. అరటికిని, కొబ్బరికిని, మునగకును దానిని మరల్చవలెను. నీరు పోయుట తెల్లవారుజామునగాని, ప్రొద్దు గ్రుంకిన పిమ్మటగాని జరుగవలెను. మిట్టమధ్యాహ్నము పోసిన నీటిలో చాలభాగము గాలికే పోవును.

నేల, నీడ, గాలి

మన పెరళ్లలో చాలచోట్ల నాపరాళ్లు పరచియుందురు. బేతంచెర్ల, జమ్మలమడుగు ప్రాంతముల రాయి మనకు చౌక, చూపునకు చలువ. కాని చైత్రమున అది పగలంతయు వేడిని త్రాగి రాత్రియెల్ల వెలిగ్రక్కును. దానిపై తిన్నగా కుండీలు పెట్టినచో వేళ్లు ఉడికిపోవును. కుండీల క్రింద రెండు కట్టెలో ఇటుకలో ఉంచి గాలి ఆడనిండు. మడికి గోడ తూర్పుననుండుటకంటె పడమటనుండుట మేలు. సాయంకాలపు టెండ తగులకుండును.

నల్లరేగడి నేలయైనచో అది ఎండి బీటలువారి లేతవేళ్లను త్రెంపును. గంపెడు చివికిన పశువుల యెరువు, అరగంప ఇసుక మడికి కలుపవలెను. ఎర్రనేలయైనచో నీరు నిలువదు. ఎరువు రెండు గంపలైనను మంచిదే. పచ్చిపేడ వేసినచో చెదలు పట్టును.

అటుపిమ్మట నేలను కప్పుట. ఇదియే తోటకు ప్రాణము. బుడ్డల పొట్టో, జొన్నచొప్ప తునుకలో, ఎండుటాకులో రెండంగుళముల మందమున మొక్కల నడుమ పరచినచో నేల తడి నిలుచును. పోయవలసిన నీరు తగ్గును. జడివాన పడినను మన్ను గట్టిపొరగా పేరుకొనదు. మడికి పడమటి ప్రక్క కందికట్టె దడి కట్టుడు. గోడవలె సందులేకుండ కట్టిన దడిని గాలి పడద్రోయును. సందులుగల దడి గాలి వేగమును తగ్గించి తాను నిలుచును. పైన నీడకు పాత నూలుచీర చాలును. దానిని నాలుగు గుంజలకు జారుముడి వేసి కట్టవలెను. మబ్బు పట్టినప్పుడు విప్పుట సులభమగును.

ఒక మాట మరువరాదు. ఉరుము వినబడిన పిమ్మట చీర విప్పుటకో, మొక్కకు ఊతమిచ్చుటకో పెరటిలోనికి పరుగెత్తరాదు. పిడుగు హెచ్చరికలు ఇప్పుడు సెల్‌ఫోనులకే వచ్చుచున్నవి. మొక్క పోయిన మరల మొలచును.

విత్తనమును మూడు పాళ్లు చేయుడు

వాతావరణము నిలకడలేనప్పుడు మన చేతిలోనున్న ఉపాయము ఒక్కటే. విత్తనమునంతయు ఒకే దినమున వేయకుండుట. ఒక పాలు ఇప్పుడు, ఒక పాలు పది దినములకు, మిగిలినది మరి పది దినములకు. మొదటి పాలును వడగండ్లు కొట్టినను రెండవది నేలలోనుండును; రెండవది ఎండినను మూడవది డబ్బాలోనుండును. కూరయు ఒక్కసారిగా ముదిరిపోక, వరుసగా చేతికి వచ్చును.

ఈ దినములకు తగినవి కొన్నియే. మొదటిది చిర్రాకు, తోటకూర. ఎండకు ఓర్చును; 25 మొదలు 30 దినములలో కోతకు వచ్చును. విత్తు నలుసంత గనుక గుప్పెడు ఇసుకతో కలిపి చల్లి, పైన పలుచగా మన్ను రాల్చవలెను. రెండవది పుండికూర; ఇంచుమించు నెలదినములకు లేత కొనలు గిల్లుకొనవచ్చును. మూడవది మటిక్కాయ, అనగా గోరుచిక్కుడు. ఎండకు జంకని మొక్క. రెండు నెలలలోపల కాపు పట్టును. సొరపాదు ఒక్కటి పెట్టదలచినవారు ప్రక్కనే ఒక మట్టికుండను కంఠము వరకు పాతి, నీరు నింపి, మూకుడు మూయవలెను. కుండ గోడలనుండి నీరు మెల్లగా ఊరి వేళ్లకందును. రెండు మూడు దినములకొకసారి నింపిన చాలును. వెలుపల రంగు పూసిన కుండ దీనికి పనికిరాదు.

మెంతికూర, కొత్తిమీర ఫాల్గుణములోనే ముగించుట మంచిది. ఎండ ముదిరిన కొలది ఆకు పెరుగక పూతకు వచ్చును. టమాటా మొక్క బ్రతుకునే గాని, ఎండ 35 డిగ్రీలు మించిన దినములలో పూత రాలిపోవును. రోహిణీకార్తెలో నారు పోసి, మృగశిర వెళ్లునప్పుడు నాటుకొనవలెను. వేసవి బెండకు తెల్లదోమవలన ఆకులు పసుపు వలలవలె మారు తెగులు వచ్చును. అట్టి మొక్కను జాలిపడక పెరికివేయవలెను. తక్కిన పురుగులకు లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పొడి ఒక రాత్రి నానబెట్టి, వడియగట్టి, సాయంకాలము చిలుకరించిన చాలును.

వానకు ముందే విత్తుట

పెరటితోటకు వెలుపల, పొలములందును ఈ వేసవి చినుకులను వాడుకొను పద్ధతి యొకటి మన సీమలో వ్యాపించుచున్నది. 2016 నుండి ఆంధ్రప్రదేశమున రైతు సాధికార సంస్థ, స్త్రీల పొదుపు సంఘముల తోడ్పాటుతో ప్రకృతి వ్యవసాయమును ప్రచారము చేయుచున్నది. అందు భాగముగా, ఋతుపవనమునకు ముందే పలురకముల విత్తనములకు బంకమన్ను, బూడిద పట్టించి, ఉండలవలె చేసి, పొడినేలపై చల్లి, పైన గడ్డి కప్పుదురు. ఎండకు విత్తు చెడదు. తగిన తడి తగిలిననాడు మొలచును. విత్తువాడు వానకొరకు వేచియుండుట మాని, విత్తే వానకొరకు వేచియుండునట్లు చేయుట ఇందలి రహస్యము. నీటికి అందని పెరటి మూలలయందు అలసంద, అనుము, మటిక్కాయ విత్తులను ఇట్లే మూడు గుప్పెళ్లు చల్లి చూడవచ్చును. ఖర్చు స్వల్పము, వచ్చినదంతయు లాభము.

ఇంత శ్రమ ఎందులకు?

బజారులో కూరగాయలు దొరుకుచుండగా బిందెలు లెక్కించుకొను ఈ పాటు ఎందులకని కొందరు అడుగవచ్చును. 2023 జూలైలో మదనపల్లె అంగడిలోనే టమాటా కిలో ధర 200 రూపాయల వరకు పోయినది. అదే టమాటా కొన్ని కాలములయందు పత్తికొండ అంగడిలో కొనువారు లేక పారబోయబడును. ఆ వెలల యాటలో ఇల్లాలికి పాత్రలేదు; ఫలము మాత్రము కలదు. కూర ప్రియమైన దినమున ఇంటిలో మొదట తగ్గునది ఎవరి విస్తరిలోని కూరయో మనకందరకు తెలియును. మగవారికి, బిడ్డలకు వడ్డించి, అడుగున మిగిలిన పులుసుతో సంగటి ముగించుకొను తల్లులు మన సీమలో తక్కువవారు కారు.

2019–21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబారోగ్య సర్వేను బట్టి ఆంధ్రప్రదేశమున 15 మొదలు 49 ఏండ్ల వయస్సుగల స్త్రీలలో నూటికి ఇంచుమించు 59 మందికి రక్తహీనత కలదు. రెండు మళ్ల చిర్రాకు దీనినంతయు మాన్పునని మేము చెప్పము. రక్తము తక్కువగా నున్నవారు వైద్యుని చూచి మందు పుచ్చుకొనవలసినదే. కాని దినమునకు పండ్లు, కూరలు కలిపి 400 గ్రాములైనను తినవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. అందులో గుప్పెడు ఆకు మన పెరటినుండి నిత్యము వచ్చినచో, అది వెల పెరిగినను తగ్గని కూర. దించిన పప్పుపై నిమ్మరసము పిండుకొనుడు. ఆకులోని ఇనుము ఒంటికి బాగుగా పట్టును.

మా పెరటిలో ఇప్పుడున్నవి మూడు మళ్లే. క్రిందటి చైత్రమున మొదటి పాలు విత్తు గాలివానకు పోయినది, రెండవది నిలిచినది. నెలదినములకు మొదటి కోత కోసి, పిడికెడు ఆకు గోడమీదుగా అవ్వకిచ్చితిమి. ఆమె చూచి, “ఇయ్యేడు బిందె చూసినావు” అని నవ్వెను.

సోదరీమణులారా, ఈ ఉగాదికి క్రొత్త చీర కొనుకొన్నను కొనకున్నను, మూడు దినములు మీ యింటి కడుగునీరు కొలువుడు. ఒక్క బిందె వచ్చినచో ఒక్క మడియే కట్టుడు. ఆ మడిలోని మొదటి కోత వండిననాడు మాత్రము అందరకు వడ్డించిన పిమ్మట కాక, అందరితోపాటు కూర్చుండి, మీ విస్తరిలోను నిండుగా వడ్డించుకొనుడు.